సర్బర్ వల: గెడ్డ ఒడ్డున అడవి ఎలా ఉందో నీటి పురుగుల లెక్కలో తేల్చాలంటే ఏది కొనాలి, ఏది కుట్టించాలి

పాడేరు, అరకు, అనంతగిరి కొండల్లోంచి దిగే చిన్న వాగుని ఉత్తరాంధ్రలో గెడ్డ అంటారు. మోకాలి లోపు లోతు, నాలుగైదు అడుగుల వెడల్పు, అడుగున గుండ్రాళ్లు. అలాంటి గెడ్డ ఒడ్డున చెట్లు కొట్టేస్తే, లేదా పాత చెట్లు తీసేసి కొత్త జాతి పెడితే, నీళ్లలో బతికే పురుగులకు ఏమవుతుందో అంకెల్లో చూపించాలని చాలామంది అడుగుతున్నారు. కాలేజీ ప్రాజెక్టుల వాళ్లూ, ఊళ్లలో పనిచేసే సంస్థల వాళ్లూ మొదట కొనేది సర్బర్ వల. ఈ సమీక్ష దాని గురించే. వల మంచిదే. కానీ అడవి సంగతి మొత్తం అదొక్కటే చెప్పేస్తుందనుకుంటే దెబ్బతింటారు. ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

వస్తువు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. నేల మీద పరిచే ఒక చదరపు చట్రం, దానికి కీలుతో బిగించి నిలబెట్టే రెండో చట్రం, నిలబడ్డ చట్రానికి వెనక పొడుగాటి కోన సంచి. సర్బర్ అనే అమెరికా చేపల శాస్త్రవేత్త ట్రౌట్ చేపలకు వాగు అడుగున ఎంత మేత ఉందో లెక్కగట్టడానికి 1930లలో దీన్ని వాడాడు, పేరు అలా నిలిచిపోయింది. చట్రం లోపలున్న రాళ్లు తోమితే పురుగులు నీటి వాలుకి కొట్టుకొచ్చి సంచిలో పడతాయి. ఇంత విస్తీర్ణంలో ఇన్ని పురుగులు అని చెప్పగలగడమే దీని గొప్ప. చేతి వలతో కాలితో రాళ్లు కదిపి పట్టినప్పుడు ఏ రకాలున్నాయో తెలుస్తుంది గాని, ఎంత జాగాలో ఎన్ని అన్నది గట్టిగా చెప్పలేం.

మూడు రకాలుగా దొరుకుతుంది: దిగుమతి సరుకు, మన లాబ్ పరికరాల దుకాణాల్లో దొరికే ఇక్కడి తయారీ, వెల్డింగ్ షాపులోనూ టైలర్ దగ్గరా సొంతంగా చేయించుకున్నది. మూడింట్లోనూ చూడాల్సినవి ఒకటే.

మొదట చట్రం లోపలి కొలత. 30 సెం.మీ. అని రాసున్న చట్రాన్ని టేపు పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవండి. 12 మి.మీ. గొట్టంతో చేసి, 30 సెం.మీ. బయటి కొలతగా పెడితే లోపల మిగిలేది 27.6 సెం.మీ. విస్తీర్ణం 0.09 చదరపు మీటర్లు కాదు, 0.076. ఆ తేడా 15 శాతం. పట్టిన పురుగుల్ని 0.09 లెక్కన 11తో హెచ్చవేసి చదరపు మీటరుకి ఇన్ని అని రాసేవాళ్లు అన్ని చోట్లా 15 శాతం తక్కువ రాస్తారు. ఒకే వలతో మూడు గెడ్డలు పోలిస్తే ఫరవాలేదు. ఒక ఏడాది ఒక వల, మరుసటి ఏడాది ఇంకో వల వాడితే మాత్రం ఆ తేడా అడవి తేడాలా కనబడుతుంది. సరిచేయడం తేలికే: సొంత వల లోపలి కొలత ఒకసారి తీసి, చట్రం మీద పెయింటుతో రాసిపెట్టుకోండి.

రెండోది జాలీ కన్ను. ఈ పనికి 500 మైక్రాన్లు, అంటే అర మి.మీ., సరిపోతుంది. 250 మైక్రాన్ల గుడ్డ చిన్న పిల్ల పురుగుల్ని కూడా ఆపుతుంది, నిజమే. కానీ గెడ్డలో సన్న ఒండ్రు, నాచు పోగులు దాన్ని నిమిషంలో మూసేస్తాయి. మూసుకుపోగానే నీళ్లు సంచిలోకి వెళ్లకుండా నోటి దగ్గరే ఎదురు తిరిగి పక్కల నుంచి పోతాయి, వాటితో పురుగులూ పోతాయి. చెట్లు కొట్టేసిన చోట ఒండ్రు ఎక్కువ కాబట్టి సన్నజాలీ అక్కడే ఎక్కువగా మూసుకుంటుంది. అంటే పాడైన గెడ్డలో పురుగులు నిజంగా ఉన్నవాటికంటే ఇంకా తక్కువగా కనబడతాయి. పరికరం లోపం ఒక పక్కకే మొగ్గడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. 500 మైక్రాన్లు అన్న గుడ్డ నిజంగా అంతేనా అని చూడ్డానికి భూతద్దం కింద స్కేలు పెట్టి లెక్కపెట్టండి. దారం మందాన్ని బట్టి సెంటీమీటరుకి సుమారు 12 నుంచి 14 కళ్లు ఉండాలి. 18, 20 వస్తే అది వేరే గుడ్డ. సంచి పొడవు కూడా ముఖ్యమే. చట్రం వెడల్పుకి కనీసం రెండున్నర, మూడు రెట్లు ఉంటే నీళ్లు సాఫీగా పోతాయి. 45 సెం.మీ. సంచి పెట్టి అమ్మేవి కొనకండి.

కుట్టు. ఇక్కడి తయారీలో ఎక్కువగా పాడయ్యేది ఇదే. సంచిని కోనలా కుట్టేటప్పుడు రెండు అంచులు కలిసే చోట సూది కన్నాలు జాలీ కన్ను కంటే పెద్దవిగా పడతాయి. వలని వెలుతురుకి ఎత్తి పట్టుకుని కుట్టు వెంట చూడండి: చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడితే ఆ దారిలో సన్నటి మేఫ్లై (నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక ఎగిరిపోయే పురుగు) పిల్లలు జారిపోతాయి. అంచుని రెండుసార్లు మడిచి, మీద కాన్వాస్ పట్టీ వేసి రెండు వరసల కుట్టు వేయాలి. నాలుగు మూలల్లో చట్రానికి సంచి తగిలించిన చోట కాన్వాస్ తప్పనిసరి. రాయికి రాసుకుని మొదట చిరిగేది ఆ మూలలే. జాలీనే నేరుగా గొట్టానికి చుట్టి కుట్టిన వల పది పన్నెండు వాడకాలకే చిల్లులు పడుతుంది.

నాలుగోది కింది చట్రానికి ఫోమ్ పట్టీ. దీన్ని చాలామంది అదనపు హంగు అనుకుంటారు. గుండ్రాళ్ల మీద ఇనప చట్రం సమంగా కూర్చోదు. రాయికీ చట్రానికీ మధ్య వేలు దూరే సందు ఉంటుంది. తోముతుంటే పురుగులు ఆ సందులోంచి బయటికి పోతాయి, బయటివి లోపలికీ వస్తాయి. 5 సెం.మీ. మందం మెత్తటి ఫోమ్ కింద అంటించుకుంటే సందు మూసుకుంటుంది. రబ్బరు జిగురు తడికి ఊడిపోతుంది. నైలాన్ తాడుతో గొట్టానికి చుట్టి కట్టడం మేలు.

కోస్తాలో ఉండేవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. రొయ్యల హేచరీలకు బోల్టింగ్ క్లాత్ సరఫరా చేసే దుకాణాల్లో నైలాన్ జాలీ మైక్రాన్ల లెక్కన మీటర్లలో దొరుకుతుంది. దాంతో కుట్టించిన సంచి, అల్యూమినియం చట్రం కలిపితే దిగుమతి వలకి ఏమాత్రం తీసిపోదు. దిగుమతి సరుకులో మెచ్చుకోవాల్సింది ఒకటే, కీలు. మడత పడి తిన్నగా నిలబడుతుంది, ఇసుక పట్టినా బిగుసుకోదు. ఇక్కడి వాటిలో ఇనప కీలు తుప్పు పట్టి మొదటి వానాకాలం తరవాతే గట్టిపడుతుంది. స్టీలు బోల్టు, రెక్క నట్టు వేయించుకుంటే ఆ బాధ తప్పుతుంది.

ఇక వాడకం. రాళ్ల మీద నీళ్లు గలగలా పారే చోట, లోతు 30 సెం.మీ. దాటని చోటే పెట్టాలి. అంతకంటే లోతైతే నీళ్లు వల మీదుగా దూకిపోతాయి. నిలవ మడుగులో పెడితే కొట్టుకురావడానికి వేగమే ఉండదు, ఆ వల ఖాళీగా వస్తుంది. 50 నుంచి 100 మీటర్ల గెడ్డ ముక్కలో ఆరు చోట్ల వేయండి. ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకి నడవాలి. పై నుంచి మొదలుపెడితే కాళ్లతో కదిపిన పురుగులు కింది వలలోకి కొట్టుకొస్తాయి. చట్రంలోని పెద్ద రాళ్లని ఒక్కొక్కటిగా సంచి నోటి ముందు పెట్టి మెత్తని బ్రష్‌తో తోమి బయట పెట్టాలి. తరవాత అడుగుని మేకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో 5 నుంచి 10 సెం.మీ. లోతుదాకా రెండు నిమిషాలు కదపాలి. వాచీ చూసి రెండు నిమిషాలు; ఒకచోట ఒకటిన్నర, ఇంకోచోట మూడు అయితే పోల్చడానికి ఏమీ మిగలదు.

కాలం చూసుకోవాలి. పెద్ద వాన వరద తరవాత అడుగు అంతా కడుక్కుపోతుంది; రెండు మూడు వారాలు ఆగాలి. తూర్పు కనుమల్లో నైరుతి వానలూ అక్టోబరు, నవంబరు తుపాన్లూ దాటాక డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు తేటగా ఉంటాయి. కానీ అదే కాఫీ పళ్లు కోసి పల్ప్ తీసే కాలం. పల్పింగ్ నీళ్లు గెడ్డలో కలిసే చోట ఆక్సిజన్ పడిపోయి పురుగులు పోతాయి. అక్కడ వల వేసి చెట్లు లేకపోవడం వల్ల అని రాస్తే తప్పు. పల్పర్ ఉన్న చోటుకి ఎగువనే వేయండి.

చెట్ల నీడని కూడా అంకెల్లో కొలవాలి. ‘నీడ ఎక్కువ’ అని రాస్తే ఎవరికీ పనికిరాదు. గీతలు గీసిన గుండ్రటి అద్దం పరికరం దొరుకుతుంది, డెన్సియోమీటర్ అంటారు. అందులో 24 గళ్లు, గడికి నాలుగు చుక్కలు ఊహించుకుంటే 96. గెడ్డ మధ్యలో నిలబడి నాలుగు దిక్కులకీ తిరిగి కొమ్మలు కప్పిన చుక్కలు లెక్కపెట్టి, సగటుని 1.04తో హెచ్చవేస్తే శాతం వస్తుంది. మంచి సరుకు, తప్పక కొనండి. దీనితో పాటు ఒడ్డు నుంచి ఎంత దూరం దాకా చెట్లున్నాయో టేపుతో కొలవాలి. ఒడ్డున రెండు వరసల చెట్లుంటే చాలని చాలామంది నమ్మకం. చిన్న వాగుల మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి 2014లో అమెరికా శాస్త్రవేత్తలు స్వీనీ, న్యూబోల్డ్ తేల్చింది ఏంటంటే, నీటి నాణ్యత, వేడి, పురుగులు, చేపలు అన్నీ నిలవాలంటే ఒక్కో ఒడ్డున కనీసం 30 మీటర్ల అడవి కావాలి. వాళ్లు చూసినవి ఎక్కువగా చల్లటి దేశాల వాగులు, అయినా మన దగ్గర పని మొదలుపెట్టడానికి అది మంచి కొలమానమే.

సంచిలో పడ్డవాటిని చదవడం దగ్గర చాలా నివేదికలు బోల్తా పడతాయి. చెట్లు పోయిన గెడ్డలో మొత్తం పురుగుల సంఖ్య తగ్గాలని అందరూ అనుకుంటారు. తరచూ పెరుగుతుంది! ఎండ పడితే రాళ్ల మీద నాచు పెరుగుతుంది, నాచు తినే బేటిడే కుటుంబం మేఫ్లైలూ, కైరోనోమిడ్ పురుగులూ (కుట్టని దోమలాంటి ఈగల పిల్లలు) గుంపులుగా పెరుగుతాయి. చదరపు మీటరుకి సంఖ్య రెట్టింపు కనబడితే గెడ్డ బాగుందని రాసేస్తారు. చూడాల్సింది ఎవరు పోయారన్నది. రాయికి బల్లపరుపుగా అంటుకుని ఉండే హెప్టజీనిడే మేఫ్లైలు, మేఫ్లైలాగే నీళ్లలో పెరిగే నెయోపెర్లా జాతి స్టోన్‌ఫ్లైలు, నాణెంలా రాతికి కరుచుకుని ఉండే వాటర్ పెన్నీలు, ఇవి ఒండ్రు రాళ్ల సందులు పూడ్చేసిన చోట మొదట మాయమవుతాయి. అదే ఒండ్రులో సీనిడే మేఫ్లైలు హాయిగా ఉంటాయి. మొప్పల మీద మూతలా ఒక రేకు ఉంటుంది, బురద లోపలికి పోకుండా. వేడి సంగతీ తక్కువది కాదు. సముద్ర మట్టం దగ్గర 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీల దగ్గర 7.6 మాత్రమే. కొండ మీద ఇంకా తక్కువ. నీడ పోయిన గెడ్డలో మధ్యాహ్నం రెండింటికి థర్మామీటర్ పెట్టి, నీడలోని గెడ్డతో అదే వేళకి పోల్చండి.

మార్కుల పద్ధతి వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జీవ ప్రమాణాలు నీటిని ఎ నుంచి ఇ దాకా తరగతులుగా చూస్తాయి. వాటికి మూలం బ్రిటన్ బి.ఎం.డబ్ల్యు.పి. మార్కులు, అంటే ఒక్కో పురుగు కుటుంబానికి ఒకటి నుంచి పది దాకా ఇచ్చేవి. ఆ మార్కులు మురుగు కలిసిందా లేదా అన్నది పట్టడానికి తయారైనవి. ఒండ్రులో బతికే సీనిడేకి అందులో 7 మార్కులు. కాబట్టి మురుగు లేకుండా, చెట్లు మాత్రమే పోయి ఒండ్రు చేరిన గెడ్డకి కూడా మంచి మార్కులే వచ్చేస్తాయి. మార్కులతో పాటు మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై (పట్టుతో గూడు అల్లుకునే నీటి పురుగు) కుటుంబాలు ఒక్కొక్కటి విడిగా రాయండి.

ఇప్పుడు అసలు లోటు. అడవి గెడ్డకి పెట్టే తిండి ఆకు. ఆకు రాళ్ల మధ్య, వేళ్ల దగ్గర, మడుగు అంచున మేట వేస్తుంది. ఆకు నమిలే పురుగులుండేది అక్కడే. సర్బర్ వల పనిచేసేది గలగలా పారే రాళ్ల చోట, అక్కడ ఆకు పెద్దగా నిలవదు. దీనికి మంచి రుజువు అమెరికాలో ఉంది. నార్త్ కరోలినాలోని కౌవీటా అడవిలో 1993 నుంచి ఒక చిన్న వాగు మీద పందిరిలా వల కప్పి ఆకు పడకుండా చేశారు. మూడేళ్ల ఫలితాలు 1997లో వచ్చాయి. ఆకూ ఇసుకా కలిసిన అడుగులో పురుగులు బాగా తగ్గాయి, వాటిని వేటాడే పురుగులు కూడా తగ్గాయి. మాస్ మొక్కలు పట్టిన రాతి పలకల మీద మాత్రం మార్పు పెద్దగా లేదు. ఆ వాగులో ఎవరైనా రాతి మీద మాత్రమే వల వేసి ఉంటే ఆకు ఆగిపోయినా ఏమీ కాలేదని రాసేవారు.

అందుకే సర్బర్ వల కొన్నవాళ్లు ఆకు సంచులు కూడా కట్టాలి. వీటికి ఖర్చు దాదాపు లేదు. ఉల్లిపాయలో నిమ్మకాయలో పోసే ప్లాస్టిక్ వల సంచి, కన్ను 10 మి.మీ. దాకా ఉండొచ్చు. నీడలో ఆరబెట్టిన ఆకు 5 గ్రాములు తూచి వేసి నోరు కట్టాలి. అదే ఆకుతో 500 మైక్రాన్ల జాలీ సంచి ఇంకోటి. పెద్ద కన్ను సంచిలోకి పురుగులు దూరతాయి, సన్న సంచిలోకి దూరలేవు. రెండింట్లో మిగిలిన ఆకు బరువుల తేడాలో పెద్ద వంతు పురుగులు నమిలిందే. ఒడ్డున సహజంగా ఉండే నేరేడు, కానుగ ఆకుతో కొన్ని, కాఫీ తోటల్లో నీడకి పెట్టే సిల్వర్ ఓక్ ఆకుతో కొన్ని కట్టండి. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు, ఆకు గట్టిది, కుళ్లడం నెమ్మది. డెన్సియోమీటర్ చూస్తే కాఫీ తోటలో నీడ బాగానే ఉందంటుంది. గెడ్డలో పడే తిండి మాత్రం మారిపోయి ఉంటుంది. ఆ మార్పు వలకీ కనబడదు, అద్దానికీ కనబడదు, ఆకు సంచికి కనబడుతుంది.

సంచుల్ని నైలాన్ తాడుతో వేరుకో ఇనప మేకుకో కట్టి, మునిగి ఉండేలా రాయి ఆనించండి. మొదటి రెండు రోజుల్లోనే కరిగే పదార్థం పోయి పావు వంతు దాకా బరువు తగ్గవచ్చు. అది పురుగుల పని కాదు. రెండు రోజులకి కొన్ని సంచులు తీసి ఆ లెక్క విడిగా పెట్టుకోవాలి. తరవాత రెండు వారాలకి, నాలుగు వారాలకి. మన వేడికి ఎనిమిది వారాలు ఆగితే మెత్తటి ఆకులో ఈనెలే మిగులుతాయి. తీసేటప్పుడు సంచిని నీళ్లలో ఉండగానే కింద 500 మైక్రాన్ల జల్లెడ పట్టాలి. గాల్లోకి ఎత్తితే పురుగులు జారిపోతాయి. ఆకు కడిగి 60 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు రోజులు ఆరబెట్టి తూచాలి. మొదట తూచిన ఆకులో కూడా గాలి తేమ ఉంటుంది కాబట్టి, నీళ్లలో వేయని కొన్ని సంచుల్ని కూడా అదే ఓవెన్‌లో పెట్టి తేడా సరిచేయాలి.

ఆకు సంచిలో ఒకదాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. తెల్ల ట్రేలో నీళ్లు పోసి ఆకు విప్పితే, గోరంత పొడుగు గుండ్రటి ఆకు ముక్క ఒకటి ఊరికే పడి ఉంటుంది. కాసేపు కదల్చకుండా చూస్తే ఆ ముక్క నడుస్తుంది. అది అనైసోసెంట్రోపస్ అనే క్యాడిస్‌ఫ్లై లార్వా. రెండు ఆకు బిళ్లలు కోసి, పైది కాస్త పెద్దగా, కిందది చిన్నగా పెట్టి పట్టుతో అతికించి మధ్యలో దూరుతుంది. ఇల్లూ ఆకే, తిండీ ఆకే. తొందరపడి ఆకు చెత్తతో పాటు పారబోసేది ఎక్కువగా దీన్నే. మన వేడి ప్రాంతాల గెడ్డల్లో ఆకు నమిలే పురుగుల రకాలు చల్లటి దేశాలతో పోలిస్తే తక్కువే; ఆ పని కొంత పీతలూ రొయ్యలూ చేస్తాయి. అందుకే ఉన్న నాలుగు పురుగుల్నీ పారబోసుకోకూడదు. పీతలు 10 మి.మీ. కంట్లోంచి దూరవు, పీత జాడలు ఉన్న గెడ్డలో కొన్ని సంచులకి పక్కన అంగుళం కన్నాలు కత్తిరించండి.

మిగతా సరంజామాలో ముఖ్యమైనవి రెండు. ఏరడానికి తెల్ల ఎనామెల్ ట్రే కొనండి. స్టీలు పళ్లెంలో మెరుపుకి సన్న పురుగులు కనబడవు. ఇసుక ఎక్కువైతే లీటరు నీళ్లలో సుమారు 350 గ్రాముల పంచదార కలిపి పోస్తే పురుగులు తేలతాయి. నత్తలు, ఇసుక గూడు కట్టుకున్న క్యాడిస్ పురుగులు తేలవు, అడుగు విడిగా వెతకాలి. నిలవకి 80 శాతం ఇథనాల్ మంచిది, దానికి ఎక్సైజ్ అనుమతి కావాలి. కుటుంబం దాకా గుర్తుపట్టడానికి 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సరిపోతుంది, మందుల షాపులో దొరుకుతుంది. సీసాలో పురుగుల తడి కలిసి మందు పలచబడుతుంది కాబట్టి మరుసటి రోజు మార్చాలి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది.

రిజర్వు అడవిలో వల వేయడానికీ, పురుగులు తీసుకెళ్లడానికీ అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఊరి వాళ్లు తాగునీటికి పట్టుకునే చోటుకి ఎగువన అడుగు కదపకూడదు. ఆ చోటు ఎక్కడో ఊళ్లో అడిగి తెలుసుకున్నాకే గెడ్డలో దిగండి.

ఏది కొనాలంటే, ఒక్క సీజను ప్రాజెక్టుకి కుట్టించుకున్న వల చాలు, డబ్బులు మిగిలితే డెన్సియోమీటర్, ట్రే కొనండి. ఐదారేళ్లు అదే గెడ్డల మీద చూడదలుచుకున్న సంస్థలకి కీలు గట్టిగా ఉన్న దిగుమతి చట్రం పెట్టుబడికి తగ్గది. వల సంచులు మాత్రం ఇక్కడే కుట్టించి రెండు అదనంగా ఉంచుకోండి. వాడాక సంచిని తిరగేసి మంచినీళ్లతో జాడించి నీడలో ఆరేయాలి. ఎండలో వేలాడదీస్తే నైలాన్ పెళుసెక్కుతుంది. తడిగా మడిచిపెడితే కోన చివర ఇరుక్కున్న పురుగులు మరుసటి గెడ్డ లెక్కలోకి వచ్చేస్తాయి.